బాపట్ల సరుగుడు తోపులు, ఇసుక దిబ్బల మీదుగా శరత్కాలపు నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులు అయిపోయాక, కార్తీకం వెళ్ళేలోపు ఏదో ఒక ఆదివారం గుంటూరు నుంచి కొందరం బాపట్ల వెళ్ళి, అక్కణ్ణుంచి తోపులు, దిబ్బల మీదుగా సూర్యలంక తీరం దాకా నడుస్తాం. మాదేమీ సంఘం కాదు. చందా లేదు, టీ షర్టులూ లేవు. ఏడాదికేడాది కొత్తవాళ్ళు కలుస్తున్నారు, అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

అంటే బీచ్ పిక్నిక్కేగా?

కాదండీ. పిక్నిక్ అయితే సరాసరి సూర్యలంకలో దిగి, అలల్లో తడిసి, వేయించిన చేపలు తిని వచ్చెయ్యొచ్చు. అదీ బాగానే ఉంటుంది, వద్దని ఎవరన్నారు. మేం వెళ్ళేది మాత్రం సముద్రానికీ పొలాలకీ మధ్యనున్న ఇసుక నేలను చూడటానికి. కార్లో వెళ్ళేవాళ్ళకు ఆ నేల పది నిమిషాల్లో వెనక్కి వెళ్ళిపోతుంది. మాకు సముద్రం చివర్లో వస్తుంది, అదీ కాసేపే.

మన దగ్గర అడవీ, ఇసుక దిబ్బలూ ఒకే బాటలో ఎక్కడున్నాయి?

అడవి అనే మాట కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను. నల్లమలను ఊహించుకుని రాకండి. ఇక్కడ ఉండేది మనుషులు పెంచిన సరుగుడు తోపులు, వాటి మధ్య జీడిమామిడి తోటలు, తాటిచెట్ల వరసలు, మొగలి పొదలు. కొన్ని తోపులు అటవీశాఖవి, కొన్ని రైతులవి. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన సంగతి మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాతే గాలికీ అలకీ అడ్డంగా ఉంటాయని తీరం వెంట సరుగుడు నాటడం జోరందుకుంది. కాబట్టి ఇది దానంతట అది పుట్టిన అడవి కాదు, ఒక భయం నాటించిన అడవి.

శరత్కాలంలోనే ఎందుకు? ఆకులు ఎర్రబడి రాలతాయా?

పిల్లల ఇంగ్లీషు పాఠాల్లో బొమ్మలు చూసి చాలామంది ఇలాగే అడుగుతారు. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజ కార్తీకాల్లో నేలంతా వాన కడిగిన పచ్చదనమే. సరుగుడైతే ఏ కాలంలోనూ మోడు కాదు. అసలు దానికి మనం ఆకులనుకునేవి ఆకులే కావు, సన్నటి పచ్చటి రెమ్మలు. ఒకటి తెంపి వెలుతురులో పట్టుకుని చూడండి, కణుపు కణుపుకీ చుట్టూ చిన్న పళ్ళలాంటి పొలుసులు కనబడతాయి. అసలు ఆకులు అవే.

ఈ రోజుల్నే ఎంచుకోవడానికి మరో కారణం ఇసుక. రోహిణి ఎండల్లో ఆ దిబ్బల మీద కాలు పెట్టలేం. వానలు పడ్డాక ఇసుక కాస్త బిగిసి ఉంటుంది, అడుగు పిక్క దాకా దిగదు, గాలికి లేచి కళ్ళల్లో పడటమూ తక్కువ. పొద్దున ఆరుంపావు ప్రాంతంలో తెల్లవారుతుంది, పది గంటల దాకా హాయిగా నడవొచ్చు.

మరి తుపానులొచ్చే రోజులు కూడా ఇవేగా?

ఇవే. ఈ నడకలో అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మాట నమ్మలేం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకని మాకు ఒక్కటే నియమం: వారం ముందు నుంచీ వాతావరణశాఖ సమాచారం చూస్తాం, నిజాంపట్నం రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో కనుక్కుంటాం. ఒకటో నంబరైనా సరే, నడక వాయిదా. “ఇక్కడ ఎండ కాస్తోందిగా” అని గుంటూరులో డాబా ఎక్కి చూసి వాదించేవాళ్ళు ప్రతిసారీ ఒకరుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోం, పులిహోర మాత్రం వాళ్ళింటికే వెళ్ళి తిని వస్తాం.

గుంటూరు నుంచి ఎలా వెళ్ళాలి? విజయవాడ వాళ్ళు?

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల 50 కిలోమీటర్ల చిల్లర. బస్సులున్నాయి. విజయవాడ వాళ్ళకు రైలే సుఖం, తెనాలి మీదుగా చెన్నై వెళ్ళే పెద్ద లైను మీదే బాపట్ల ఉంది, దూరం 75 కిలోమీటర్ల లెక్కన వస్తుంది. బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఇదంతా బాపట్ల జిల్లా అయింది కానీ, మా ఇళ్ళల్లో ఇంకా “మన జిల్లా బీచ్” అనే అంటారు.

ఎంత దూరం నడవాలి? అలవాటు లేనివాళ్ళు రాగలరా?

ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూ. వినడానికి తక్కువే. రోజూ పొద్దున స్టేడియం చుట్టూ ఆరు రౌండ్లు కొట్టే పెద్దమనిషి ఒకాయన ఇదే మాటని, దిబ్బల దగ్గరికి వచ్చేసరికి చెప్పులు చేత్తో పట్టుకుని కూలబడ్డాడు. వదులు ఇసుకలో నడవాలంటే గట్టినేల మీద నడిచేదానికి రెట్టింపు పైన శక్తి ఖర్చవుతుంది. వేసిన అడుగు వెనక్కి జారుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఆగుతూ వెళ్తే నాలుగు గంటలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తోపు దాకా వచ్చి అక్కడ కూర్చోవచ్చు, తిరిగొచ్చేటప్పుడు కలుపుకుంటాం. పదేళ్ళు దాటిన పిల్లలు మాకంటే బాగా నడుస్తారు.

దారి ఎలా ఉంటుంది?

తారురోడ్డు దిగగానే పొలాలు. నల్లరేగడి, మాగాణి చూసిన కళ్ళకు ఇవి వింతగా ఉంటాయి, తెల్లటి ఇసుకలో వేరుశనగ, కూరగాయలు, సరుగుడు నారుమళ్ళు. ఇసుకలో పంటేమిటి, నీళ్ళెక్కడివి అని అక్కడే అడగాలనిపిస్తుంది. దానికి జవాబు కింద చెబుతాను, అది ఒక్క ముక్కలో తేలేది కాదు.

తర్వాత తోపు. మొదటిసారి వచ్చినవాళ్ళు లోపలికి వెళ్ళిన ఐదు నిమిషాలకే “సముద్రం వచ్చేసింది, వినబడుతోంది” అంటారు. రాలేదు. అది సరుగుడు రెమ్మల్లోంచి పోయే గాలి హోరు. కళ్ళు మూసుకుంటే అచ్చం అలల చప్పుడే. కింద అడుగు మందాన రెమ్మలు రాలి తివాచీలా ఉంటాయి, నడుస్తుంటే చప్పుడు రాదు. ఆ రాలు తొందరగా కుళ్ళదు, అందుకే చెట్ల కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. కొంచెం బోసిగానే ఉంటుంది, నిజం చెప్పాలి. అయితే ఆ చెట్టు వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టే ఏ సారమూ లేని ఇసుకలో అంత ఎత్తు పెరుగుతుంది.

ఒక హెచ్చరిక: రైతుల తోపులు నాలుగైదేళ్ళకు నరికేస్తారు, కాగితం మిల్లులకూ పందిళ్ళకూ సెంట్రింగు పనులకూ పోతాయి. నిరుడు నీడ ఉన్న చోట ఈ ఏడు మొద్దులు కనబడొచ్చు. పాత ఫొటోలు చూసుకుని దారి వెతక్కండి.

తోపు దాటాక నేల లేస్తుంది. అవే దిబ్బలు.

ఆ దిబ్బలు ఎలా ఏర్పడ్డాయి?

అలలు ఒడ్డున పోసిన ఇసుక ఎండితే గాలి దాన్ని లేపుతుంది. లేపడమంటే ఆకాశానికి కాదు, రేణువులు నేలమీద గంతులేస్తూ పోతాయి. ఒక రేణువు పడి మరో నాలుగింటిని ఎగరగొడుతుంది. దారిలో ఒక మొక్క అడ్డం వస్తే గాలి జోరు తగ్గి ఇసుక అక్కడ పడిపోతుంది. మొక్క ఇసుకలో కూరుకుపోయి చచ్చిపోతే కథ అక్కడితో సరి. కానీ ఇక్కడి మొక్కలు అలా చావవు, కప్పే కొద్దీ పైకి పెరుగుతాయి. మళ్ళీ ఇసుక, మళ్ళీ మొక్క. గాలి వచ్చే వైపు వాలు నెమ్మదిగా ఉంటుంది, అవతలి వైపు నిటారుగా జారుతుంది. ఎటు నుంచి ఎక్కాలో మీకు ఆ ఆకారమే చెబుతుంది.

ఆ మొక్కల్లో రెండిటిని తప్పకుండా గుర్తుపట్టండి. ఒకటి రావణాసురుని మీసాలు. గరుకైన గడ్డి, గుచ్చుకుంటుంది, దాని కాయల బంతి ముళ్ళతో నిండి గుండ్రంగా ఉండి గాలికి ఒడ్డంతా దొర్లుతూ పోతుంది. పిల్లలు దాన్ని తరుముకుంటూ పరుగెడతారు. అలా దొర్లుతూనే గింజలు రాల్చుకుంటుంది, అదే దాని ఎత్తు. రెండోది బాలబంద తీగ. ఆకు మేక గిట్టలాగా రెండుగా చీలి ఉంటుంది, ఊదారంగు గరాటు పూలు. వానలు పడ్డాక ఇసుకంతా పచ్చగా అల్లుకుని పూస్తుంది, మధ్యాహ్నానికి పూలు ముడుచుకుంటాయి. అందుకే పొద్దున్నే రమ్మంటాం.

ఇసుకలో అక్కడక్కడా నల్లటి చారలున్నాయి, నూనె పడిందా?

కాదు. బరువైన ఖనిజాల రేణువులవి. అల వెనక్కి పోతూ తేలికపాటి తెల్ల ఇసుకను లాక్కుపోతుంది, బరువైనవి అక్కడే మిగిలి చారలు కడతాయి. జేబులో అయస్కాంతం ఉంటే దగ్గర పెట్టి చూడండి, కొన్ని అంటుకుంటాయి. పిల్లలకు ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు.

ఇందాక నీళ్ళ సంగతి తర్వాత చెబుతానన్నారు?

మొదటి ఏడాది మేం తెలివితక్కువగా మనిషికో లీటరు నీళ్ళతో బయల్దేరాం. తోపు సగంలోనే అయిపోయాయి. వేరుశనగ చేలో పనిచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగితే, చేను మూలనున్న గుంట చూపించాడు. గట్టిగా ఆరేడడుగుల లోతుంటుందేమో, ఏటవాలుగా తవ్వి ఉంది. సముద్రం హోరు వినబడుతూనే ఉంది. “ఉప్పగా ఉంటాయేమో బాబాయ్” అని నసిగాను. “తాగి సూడమ్మా, ఎవురికి ఉప్పగుంటయ్యో” అన్నాడు. కొబ్బరినీళ్ళ కంటే తియ్యగా ఉన్నాయి.

దాన్ని దొరువు అంటారు. కడవలతో ముంచి మొక్కలకు పోసే పద్ధతి ఈ తీరంలో ఎప్పటినుంచో ఉంది. సంగతేమిటంటే, ఇసుక నేల వాననీటిని జారిపోనివ్వకుండా తాగేస్తుంది. లోపల సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. మంచినీరు దానికంటే తేలిక కాబట్టి కలిసిపోకుండా మీదే తేలి నిలుస్తుంది, పాల మీద మీగడలాగా. సముద్రమట్టానికి మంచినీరు ఒక్క అడుగు పైకి ఉంటే, కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. మీగడ తీసినట్టు పైపైన తీసుకుంటే తరిగేది తక్కువ, మళ్ళీ వానకు నిండుతుంది. ఆశపడి లోతుగా బోరు వేసి మోటారుతో లాగితే కిందనున్న ఉప్పునీరు పైకి ఎగదన్నుకు వస్తుంది, ఆ తర్వాత చేనూ పోతుంది, బావీ పోతుంది. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరిచారు. బావి చుట్టూ లోతు తక్కువలో గొట్టాలు అడ్డంగా పరిచి, పైపొర నీరు మాత్రమే మెల్లగా ఊరి బావిలోకి చేరేలా చేశారు.

ఇక దిబ్బ సంగతి. సముద్రమట్టానికి ఎత్తుగా లేచిన ఇసుక అదే కదా, వాననీరు నిలిచేదీ దానిలోనే. దిబ్బ తవ్వి ఇసుక తోలుకుపోతే ఉప్పెనకు అడ్డూ పోతుంది, ఆ పెద్దాయన గుంటలో తియ్యటి నీళ్ళూ పోతాయి. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బలను అన్నిటికంటే కఠినమైన మొదటి తరగతిలో పెట్టింది ఊరికే కాదు.

మరి మేం నీళ్ళు తెచ్చుకోవాలా, దొరువు నీళ్ళు తాగొచ్చా?

తెచ్చుకోవాలి, మనిషికి మూడు లీటర్లు. ఇప్పుడు చేలల్లో ఎరువులూ మందులూ వాడుతున్నారు, అప్పట్లో మేం తాగింది వేరు.

తిండి?

దద్దోజనం, పులిహోర, ఊరమిరపకాయలు. నలుగురికి సరిపడా తెచ్చేవాళ్ళుంటారు కాబట్టి ఎవరూ పస్తుండరు. కార్తీకమాసం కదా, ఉసిరిచెట్టు కింద తినాలి అని పట్టుబట్టే అత్తయ్యలు మాలోనూ ఉన్నారు. తోపులో ఉసిరి దొరకదు. ఒకావిడ ఇంటి దగ్గర నుంచి ఉసిరికొమ్మ తెచ్చి జీడిమామిడి కింద గుచ్చి వనభోజనం చేయించింది, శాస్త్రం సరిపోయిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. పొయ్యి మాత్రం వెలిగించం. ఎండిన సరుగుడు రాలు నిప్పంటుకుంటే ఆపడం మన వల్ల కాదు. బీడీ, సిగరెట్టు కూడా అంతే.

ఏం వేసుకోవాలి?

నూలు బట్టలు, టోపీ, మడమ కప్పే కాన్వాసు బూట్లు. చెప్పులు వద్దు, పల్లేరుకాయలున్నాయి. దిబ్బ దిగి తడి ఇసుక మీదికి వచ్చాక బూట్లు విప్పేయొచ్చు.

పాములుంటాయా?

ఉంటాయి, పొలాలూ తోపులూ వాటి చోటే. రాలిన రెమ్మల మధ్య రక్తపింజర కనబడటం కష్టం. కర్రతో ముందు తట్టుకుంటూ వెళ్ళండి, పొదల్లో చెయ్యి పెట్టకండి. ఇన్నేళ్ళలో మాకు ఎవరికీ కాటు పడలేదు. పడితే కోయడం, పీల్చడం, గుడ్డతో బిగించి కట్టడం ఏవీ చెయ్యకూడదు. కదలనివ్వకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చడమే.

పక్షులూ జంతువులూ ఏం కనబడతాయి?

తీగల మీద పాలపిట్టలు, తాటిచెట్ల మీద రామచిలుకలు. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకే, అంతకుముందు పాలపిట్ట. దసరాకు పాలపిట్టను చూడలేకపోయినవాళ్ళు ఇక్కడ బాకీ తీర్చుకుంటారు. ఒడ్డున చలికాలానికి దూరపు ఉత్తర దేశాల నుంచి దిగే ఉల్లంకి పిట్టలు అల వెంట ముందుకీ వెనక్కీ పరుగులు తీస్తుంటాయి. తడి ఇసుకలో బొరియలు చేసుకునే పీతలు మన అడుగు అదురుకే లోపలికి దూరిపోతాయి. చూడాలంటే కూర్చుని ఐదు నిమిషాలు నోరు మూసుకోవాలి. మా బృందానికి అది చేతకాదు.

తాబేళ్ళు?

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది జనవరి నుంచి మార్చి మధ్య, అదీ రాత్రిపూట. మన నడకలో కనబడవు. అటవీశాఖ వాళ్ళు గుడ్లు సేకరించి ఒడ్డున కంచె వేసి పొదిగిస్తారు, పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ రోజుల్లో వెళ్తే టార్చిలైట్లు వెయ్యకండి, వెలుగును చూసి పిల్లలు సముద్రం అనుకుని దారి తప్పుతాయి.

సముద్రంలో స్నానం చెయ్యొచ్చా?

మోకాళ్ళ లోతు. అంతకు మించి మా నడకలో ఎవరూ దిగరు. పైకి నెమ్మదిగా కనబడే చోటే కింద నుంచి లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ. కార్తీక పున్నమికి స్నానాలకు వేలమంది వస్తారు, ఆ రోజు పుణ్యం కోసమైతే రండి, నడక కోసం వద్దు.

జాలర్లు అలివి వల లాగుతుంటే పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళండి. తాళ్ళు దాటి ఫొటోలకు నిలబడటం, వలలోని చేపల్ని కెలకడం వద్దు. చెయ్యి వేసి లాగడానికి పిలిస్తే మాత్రం వెళ్ళండి, మర్నాడు భుజాలు చెబుతాయి.

సూర్యాస్తమయం సముద్రంలో చూడొచ్చా?

మనది తూర్పు తీరమండీ. పొద్దు సముద్రంలోంచి పుడుతుంది, తాటిచెట్ల వెనక్కి దిగుతుంది. కార్తీకంలో ఐదున్నర దాటితే వెలుగు నిలవదు కాబట్టి మేం నాలుగింటికల్లా తీరం వదిలేస్తాం.

డ్రోన్ తేవచ్చా?

వద్దే వద్దు. సూర్యలంకలో భారత వాయుసేన స్థావరం ఉంది, క్షిపణుల అభ్యాసం అక్కడ జరుగుతుంది. గోడ, కంచె, బోర్డు ఏది కనబడినా అక్కణ్ణుంచి పక్కకు తప్పుకోవడమే, ఫోన్ కెమెరా కూడా జేబులోకి. ఆ వైపు మన దారి పోదు.

అనుమతులు కావాలా?

అటవీశాఖ తోపుల్లోకి వెళ్ళేముందు అక్కడి సిబ్బందిని అడగాలి. రైతు తోటలైతే రైతును అడగాలి. “బాబాయ్, ఈ పక్కనుంచి పోవచ్చా” అంటే కాదన్నవాళ్ళు ఇప్పటిదాకా లేరు. అడక్కుండా జీడితోటలో దూరితే మాత్రం కుక్కలు అడుగుతాయి.

బాపట్ల దాకా రాలేం, ఇంకా దగ్గర్లో ఏమైనా ఉందా?

దిబ్బలు లేవు గానీ కొండ అడవులున్నాయి. గుంటూరు వాళ్ళకు రెడ్డిరాజుల కొండవీడు, విజయవాడ వాళ్ళకు కొండపల్లి. బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర ఆ కొండపల్లి అడవులదే. ఆ నడకల సంగతి వేరే, బూట్లు కూడా వేరే.

ఆడవాళ్ళకు ఇబ్బందేమైనా ఉందా?

మాలో సగం మంది ఆడవాళ్ళమే. మరుగుదొడ్లు బాపట్లలో బయల్దేరేముందు, మళ్ళీ సూర్యలంకలో పర్యాటకశాఖ రిసార్టు వైపు చేరాకే. మధ్యలో నాలుగు గంటలు ఏమీ ఉండవు, ఆ లెక్క చూసుకుని కాఫీ తాగండి.

ఇంటికి ఏమైనా తెచ్చుకోవచ్చా?

ఖాళీ గవ్వలు రెండు మూడు, సరుగుడు కాయలు గుప్పెడు. బాలబంద తీగ కుండీలో బతుకుతుందని పీక్కొచ్చిన ఆవిడ ఒకరున్నారు, బతకలేదు. ఇసుక ఎలాగూ మీరు తేవాలనుకోకపోయినా వస్తుంది. మా ఇంట్లో సంక్రాంతికి పరుపులు ఎండేసినప్పుడు కూడా రాలుతూనే ఉంటుంది.